ఇంట్లో దురద మొక్కలు, పాల మొక్కలు: ఎక్కడ పెట్టాలి, ఎలా కోయాలి, పొరపాటున నోట పడితే ఏం చేయాలి

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు" అన్న సామెత మనందరికీ తెలుసు. ఆ దురద కందతోనే ఆగిపోలేదని, కంద కుటుంబానికే చెందిన మొక్కలు ఇవాళ మన హాల్లో సోఫా పక్కన, టీవీ బల్ల మీద, స్నానాలగది కిటికీలో పెరుగుతున్నాయని మాత్రం చాలామందికి తెలియదు. మనీ ప్లాంట్, డిఫెన్‌బాకియా, ఫిలోడెండ్రాన్, సింగోనియం, ఎగ్లోనిమా, పీస్ లిల్లీ, ఆంథూరియం, మాన్‌స్టెరా, కలాడియం, జెడ్ జెడ్ ప్లాంట్ అన్నీ కందకూ చేమకూ దాయాదులే. కంద చెక్కేముందు చేతులకు నూనె రాసుకోవాలని, చింతపండు వేసి ఉడికించాలని మన అమ్మమ్మలు చెప్పి పెట్టారు. హాల్లోని ఈ దాయాదుల సంగతి వాళ్ళు చెప్పలేదు, ఎందుకంటే వాళ్ళ కాలంలో ఇవి మన ఇళ్ళలోకి రాలేదు.

వీటిని తీసి పారేయమని చెప్పడం నా ఉద్దేశం కాదు. హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో పదిహేనేళ్ళుగా వీటిని పెంచుతున్నాను, ఇకముందూ పెంచుతాను. నన్ను బాధపెట్టేది ఒక్కటే: "విషపు మొక్క" అన్న ఒక్క మాట కింద గన్నేరునూ మనీ ప్లాంటునూ కలిపేయడం. అలా కలిపినప్పుడు కొందరు పెదవి వాపుతో పోయే మొక్కకు భయపడి ఇల్లంతా ఖాళీ చేస్తారు; మరికొందరు, మనీ ప్లాంటుతో ఏమీ కాలేదు కదా అన్న ధైర్యంతో, గుండెను ఆపగల మొక్కను బాల్కనీలో పిల్లలకు అందేచోట పెడతారు. మొక్క పేరుకన్నా ముందు దాని రసం ఎలాంటిదో, అది ఒంట్లో ఎక్కడ పనిచేస్తుందో తెలిస్తే కుండీని ఎక్కడ పెట్టాలో, దేనికి కంగారు పడాలో, దేనికి పడనవసరం లేదో వాటంతట అవే తేలుతాయి.

సూదులున్న రసం

కంద కుటుంబపు మొక్కల ఆకుల్లో, కాడల్లో కొన్ని ప్రత్యేకమైన కణాలు ఉంటాయి. ఆ కణాల్లో కాల్షియం ఆక్సలేట్ అనే లవణం కంటికి కనిపించనంత సన్నని సూదులుగా ఏర్పడి, అగ్గిపెట్టెలో పుల్లల్లా కట్టలు కట్టలుగా ఇమిడి ఉంటుంది. ఆకును నమిలినప్పుడు, కాడను నలిపినప్పుడు ఆ కణాలు పగిలి సూదులు బయటికి చిమ్ముకొస్తాయి. పెదవులు, నాలుక, బుగ్గల లోపలి పొర, గొంతు, ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడ గుచ్చుకొని మంట, చొంగ, వాపు పుట్టిస్తాయి. డిఫెన్‌బాకియాను ఇంగ్లీషువారు "డంబ్ కేన్" అన్నది ఇందుకే. దాని కాడ నమిలినవారికి నాలుక వాచి కాసేపు మాట రాదు. మన ఇళ్ళలో ఉండే ఈ కుటుంబపు మొక్కల్లో అన్నిటికన్నా తీవ్రంగా పనిచేసేది కూడా అదే.

ఈ సూదులు నీటిలో కరిగేవి కావు. అందువల్ల అవి రక్తంలో కలిసి ఒళ్ళంతా పాకడం అరుదు. తగిలిన చోటనే బాధిస్తాయి. పైగా మంట నోట్లో పెట్టుకున్న క్షణంలోనే మొదలవుతుంది కనుక పెద్దవాళ్ళు గానీ పిల్లలు గానీ గుప్పెడు ఆకు మింగే ప్రసక్తి దాదాపు ఉండదు. చాలా సందర్భాల్లో కొన్ని గంటల్లో, తీవ్రంగా ఉంటే కొన్ని రోజుల్లో వాపు తగ్గుతుంది. నిజంగా భయపడవలసినవి రెండే: నాలుక, గొంతు వాచి ఊపిరికి అడ్డం పడటం, రసం కంట్లో పడటం. మొదటిది అరుదు. రెండోది పిల్లలకన్నా మొక్కలు కోసే పెద్దలకే ఎక్కువగా జరుగుతుంది.

మా చెల్లెలి కూతురు సంక్రాంతికి మా ఇంటికి వచ్చేనాటికి పదకొండు నెలల పిల్ల. మనీ ప్లాంట్ కుండీ షోకేసు మీద, నా తలకన్నా ఎత్తులో ఉంది. కుండీ ఎత్తులో ఉందన్న ధీమాతో నేను తీగ సంగతి మరిచాను. అది షోకేసు పక్కనుంచి జారి నేలకు జానెడు ఎత్తు దాకా దిగింది. ఏడుపు విని పరుగెత్తేసరికి పాప చొంగ కారుస్తూ, ఎర్రగా ఉబ్బిన కింది పెదవిని గుప్పిటితో రుద్దుకుంటూ కూర్చుని ఉంది. ఒళ్ళో పడి ఉన్న ఆకు అంచున రెండు చిన్న పంటి గాట్లు, పక్కపక్కనే, వాటి చుట్టూ ఆకు నలిగి తడిగా మెరుస్తోంది. పక్క ఫ్లాటు పిన్నిగారు వచ్చి ఉప్పునీళ్ళు తాగించి కక్కించమన్నారు, ఆవిడ మనసులో ప్రేమే ఉంది. చెల్లెలు గ్లాసు అందుకోబోతుంటే వారించాను. తడి గుడ్డ వేలికి చుట్టి పాప నోట్లోని ముక్కలు తీసి, నాలుకా చిగుళ్ళూ తుడిచి, చల్లని పాలు చెంచాతో కొంచెం కొంచెంగా పట్టాం. పిల్లల డాక్టరుగారికి ఫోన్ చేస్తే, ఊపిరి ఎలా తీస్తోందో, మింగగలుగుతోందో లేదో రెండు గంటలు కనిపెట్టి ఉండమని, ఏమాత్రం తేడా ఉన్నా వెంటనే తీసుకురమ్మని అన్నారు. ముప్పావుగంటకు ఏడుపు ఆగింది, సాయంత్రానికి పెదవి మామూలైంది. ఆ పూట నేను నేర్చుకున్నదేమిటంటే, కుండీ ఎత్తు కాదు, తీగ కొస ఎత్తు చూసుకోవాలి.

ఇంకొక హెచ్చరిక. కందా చేమా వండుకొని తింటున్నాం కదా, వీటినీ ఉడికిస్తే ఏమవుతుందన్న ఆలోచన రానివ్వకూడదు. అలంకారానికి పెంచే కలాడియం, అలొకేషియా ఆకులు చూడటానికి చేమాకులాగే ఉంటాయి. కూరకు కోసే చేమ పెరట్లోనూ, ఇవి ఇంట్లోనూ వేరువేరుగా ఉండాలి. రెండింటినీ పక్కపక్కన కుండీల్లో పెంచడం మంచిది కాదు.

నురుగు, పచ్చ సొన, పాలు

స్నేక్ ప్లాంట్, డ్రసీనాలు, లక్కీ బాంబూ పేరుతో అమ్మే మొక్క (ఇది వెదురు కాదు, డ్రసీనాయే) మరొక తరగతి. వీటిలో ఉండేది సాపోనిన్. కుంకుడుకాయ రసాన్ని నురగలెత్తించే పదార్థం ఈ జాతిదే. తిన్నవారికి వికారం, వాంతి, కడుపునొప్పి, విరేచనం కలగవచ్చు. మనుషులకు సాధారణంగా అంతకు మించి ఏమీ కాదు, కుక్కలూ పిల్లులూ మాత్రం బాగా వాంతులు చేసుకుంటాయి.

కలబందను ఎవరూ విషపు మొక్కల్లో లెక్కపెట్టరు. దాని లోపలి తెల్లని గుజ్జు వేరు, తొక్కకు ఆనుకొని కారే పచ్చని చేదు సొన వేరు. ఆ సొన గట్టి విరేచనకారి. తలకో ముఖానికో రాసుకోవడానికి మట్ట కోసినప్పుడు, కోసిన కొస కిందికి ఉండేలా గిన్నెలో పదిహేను నిమిషాలు నిలబెట్టి, సొనంతా కారిపోయాక కడిగి తొక్క తీయాలి. పిల్లలకు కలబంద రసం ఇంట్లో తీసి తాగించడం మానుకోవాలి.

పాలు కారే మొక్కల విషయంలో జాగ్రత్త అంతా కంటి గురించే. ముళ్ళ యుఫోర్బియా కొమ్మ నుంచి ఒక ఆకును గిల్లి చూడండి. తెగినచోట ముత్యమంత తెల్లని చుక్క ఊరి, కొమ్మ వెంట జారి, చూస్తుండగానే జిగురు పొరలా ఎండిపోతుంది. ఆ పొర చేతి వేళ్ళ మీద ఎండిపోయాక కనిపించదు, కాని అక్కడే ఉంటుంది. అరగంట తర్వాత చెమట తుడుచుకుంటూ కన్ను నలుపుకుంటే చాలు. ఇండోర్ మొక్కగా బాగా అమ్ముడవుతున్న కాడజెముడు పాలు కూడా ఇలాంటివే, కంటి నల్లగుడ్డు మీది పొరను దెబ్బతీయగలవు. క్రోటన్ల రసం అంత తీవ్రం కాదు, చర్మానికి దద్దురు తెప్పిస్తుంది. డిసెంబరులో నర్సరీల్లో ఎర్రగా మెరిసే పాయిన్సెట్టియాకు ప్రాణాంతకమన్న పేరుంది గానీ అది దాని మీద పడిన అపవాదు. దాని పాలు కొద్దిగా చికాకు పెడతాయి, అంతే.

తెల్ల జిల్లేడును పూజ కోసం కుండీలో పెంచుకునేవారు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. జిల్లేడు పాలు కంట్లో పడ్డప్పుడు ఒక్కోసారి నొప్పి పెద్దగా ఉండదు, చూపు మాత్రం మసకబారుతుంది. నొప్పి లేదు కదా అని ఊరుకుంటే నష్టం లోపల జరుగుతూనే ఉంటుంది.

ఈ జాగ్రత్తలకు లొంగనివి

గన్నేరు, పచ్చగన్నేరు, వాటి కుటుంబానిదే అయిన ఎడీనియం: ఈ మూడింటి రసం గుండె మీద పనిచేస్తుంది. ఎడారి గులాబీ అని, బోన్సాయ్ అని ముద్దుగా అమ్మే ఎడీనియం చాలా బాల్కనీల్లో పిల్లలకు అందేచోటనే ఉంటోంది. పచ్చగన్నేరు పప్పు ఎంత ప్రమాదమో మన ఊళ్ళలో వేరే చెప్పనక్కరలేదు. ఈతమొక్కలా కనిపించే సైకస్, ఉమ్మెత్త, అగ్నిశిఖ, గురివింద కూడా ఈ వరుసలోనివే. ఇవి "కొద్దిపాటి విషం" ఉన్న మొక్కలు కావు. పసిపిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇంట్లో వీటికి చోటు లేదని నా దృఢాభిప్రాయం. వీటిలో ఏది నోట పడినా లక్షణాలు కనిపించేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాలి.

వినాయక చవితినాడు మాత్రం వీటిలో కొన్ని మనం కోరి ఇంట్లోకి తెచ్చుకుంటాం. ఇరవై ఒక్క పత్రిలో దత్తూరం అంటే ఉమ్మెత్త, కరవీరం అంటే గన్నేరు, అర్కం అంటే జిల్లేడు. పత్రి సంచిని నేల మీద కుమ్మరించి పెద్దలందరూ పూజ ఏర్పాట్లలో మునిగిపోయే ఆ గంటలో పాకే పిల్లలను ఎవరో ఒకరు ఎత్తుకొని ఉండాలి. పూజ అయ్యాక పత్రి వాడిపోయి పీట చుట్టూ రాలినప్పుడు ఊడ్చేసి, చేతులు కడుక్కున్న తర్వాతే ప్రసాదం పంచాలి.

ముందు పేరు తెలియాలి

మన నర్సరీల్లోని మొక్కల్లో చాలా భాగం తూర్పు గోదావరి జిల్లా కడియం, కడియపులంక తోటల నుంచి లారీల్లో వస్తాయి. బయలుదేరినచోట ఏ పేరున్నా, మన చేతికి వచ్చేసరికి "ఇండోర్ ప్లాంటండీ, నీళ్ళు తక్కువ పోయండి" అన్న మాటే మిగులుతుంది. పేరు చెప్పకపోతే కొనవద్దు. అమ్మేవారికి తెలియకపోతే ఫోటో తీసుకొని, తెలిసినవారికి చూపించి, శాస్త్రీయ నామం కనుక్కొని, ఐస్‌క్రీం పుల్ల మీద చెరగని సిరాతో రాసి కుండీలో గుచ్చాలి. ఇంట్లో ఉన్న ప్రతి మొక్క ఫోటో, పేరుతో సహా, ఇంటిల్లిపాది ఫోన్లలో ఉండాలి; పిల్లను చూసుకునే అమ్మమ్మ ఫోన్లో తప్పనిసరిగా ఉండాలి.

వాడుక పేరు ఎందుకు చాలదంటే, ఒకే పేరు నాలుగు మొక్కలకు ఉంటుంది. మనం మనీ ప్లాంట్ అనే దాన్ని అమెరికాలో పోతాస్ అంటారు. అక్కడ మనీ ప్లాంట్ అంటే జేడ్ మొక్కనో పచీరానో అనుకోవచ్చు. కంగారులో ఉన్న తల్లి అక్కడి విష సమాచార కేంద్రానికి ఫోన్ చేసి మనీ ప్లాంట్ అని చెబితే వారు వేరే మొక్కకు సలహా ఇచ్చే అవకాశం ఉంది. "ఎపిప్రెమ్నమ్" అన్న పేరు పుల్ల మీద రాసి ఉంటే ఆ చిక్కు రాదు. లిల్లీ అన్న మాటా ఇలాంటిదే: పీస్ లిల్లీ లిల్లీ కాదు, అది కంద కుటుంబం. ఆ తేడా పిల్లి ఉన్న ఇంట్లో ఎంత పెద్దదో కింద చెబుతాను.

ఎక్కడ పెట్టాలి

పాకే పిల్ల ఉన్న ఇంట్లో మోకాలి ఎత్తు వరకు, నడిచే పిల్ల ఉన్న ఇంట్లో నడుము ఎత్తు వరకు పైన చెప్పిన మొక్కలేవీ ఉండకూడదు. కుర్చీ జరుపుకొని ఎక్కడం నేర్చిన పిల్లకు ఏ బల్లా ఎత్తు కాదు. అప్పుడు గోడకు కొట్టిన బ్రాకెట్టు, కొక్కేనికి వేలాడదీసిన తొట్టె, లేదా తలుపు వేసి ఉండే బాల్కనీ మాత్రమే పనికొస్తాయి. వేలాడే తీగలను నెలకొకసారి, వానాకాలంలో పదిహేను రోజులకొకసారి కత్తిరించి కొసలు పైకే ఉంచాలి. పండుటాకులు రాలక ముందే తుంచేయడం మేలు, ఎందుకంటే కుండీ ఎంత ఎత్తులో ఉన్నా నేల మీద రాలిన ఆకు పిల్లకు అందినట్టే.

పడకగదిలో, ముఖ్యంగా పిల్లల మంచం పక్కన, స్నేక్ ప్లాంట్ పెడితే గాలి శుభ్రపడుతుందని చాలామంది నమ్ముతున్నారు. ఈ నమ్మకానికి మూలం 1989లో వెలువడిన నాసా అధ్యయనం. అది గాలి చొరబడకుండా మూసిన చిన్న పెట్టెల్లో చేసిన ప్రయోగం. 2019లో అలాంటి ప్రయోగాలన్నిటినీ తిరిగి లెక్కకట్టినప్పుడు, ఇంట్లో మామూలుగా వచ్చిపోయే గాలి చేసే పనిని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని తేలింది. కిటికీ తెరవండి. మొక్కను అందం కోసం హాల్లోనే ఉంచండి.

సీసాలో నీళ్ళు పోసి మనీ ప్లాంట్, లక్కీ బాంబూ పెంచేవారు వారానికొకసారి నీళ్ళు పూర్తిగా మార్చి, సీసా లోపలి గోడలు రుద్ది కడగాలి. ఆ నిలవ నీరు పిల్లలు తాగకూడదు, అందులో డెంగ్యూ దోమ గుడ్లు పెట్టకూడదు. మంచినీళ్ళ సీసాలాంటి సీసాను దీనికి వాడకపోవడం ఇంకా మంచిది. కుండీ పైన పేర్చే రంగురాళ్ళు కూడా పసివాళ్ళ గొంతుకు అడ్డం పడతాయి. రెండు మూడేళ్ళ పాటు వాటిని తీసి దాచండి.

కోయడం, మార్చడం, పారేయడం

కొమ్మలు కత్తిరించే రోజున ముందు చేయవలసింది కళ్ళకు అద్దాలు పెట్టుకోవడం. చూపుకు వాడే కళ్ళద్దాలైనా సరే, ఏమీ లేకపోవడం కన్నా నయం. చేతులకు రబ్బరు తొడుగులు, మణికట్టు దాకా పొడుగు చేతుల చొక్కా ఉండాలి. కింద పాత న్యూస్ పేపరు పరిస్తే రసం నేల మీద పడదు, ముక్కలన్నీ ఒక్కసారే మడిచి తీయవచ్చు. కత్తెర మొక్కలకే విడిగా ఉండాలి. కూరగాయలు కోసే కత్తిని, కత్తిపీటను ఈ పనికి వాడకూడదు. డిఫెన్‌బాకియా కాడ కోసేటప్పుడు కోత ముఖానికి ఎదురుగా లేకుండా పక్కకు తిప్పుకోవాలి, అది నీరు నిండిన కాడ కనుక రసం చిందుతుంది. యుఫోర్బియాల పాలు కారడం ఆగేదాకా కొమ్మను తడి గుడ్డతో అద్ది పట్టుకోవాలి. పని పూర్తయ్యాక తొడుగులు తీయకముందే కత్తెరను సబ్బుతో కడిగి, తర్వాత తొడుగులు తీసి, చేతులు మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడుక్కోవాలి. ఈ మధ్యలో ఫోన్ మోగితే మోగనివ్వండి. రసం అంటిన చేయి ఫోన్‌కూ, ఫోన్ చెంపకూ, చెంప నుంచి కంటికీ పోవడానికి ఎక్కువసేపు పట్టదు.

కోసిన ముక్కలను వీధిలో కుప్పగా వేయడం మన ఊళ్ళలో ఉన్న అలవాటు. ఆవులు, మేకలు పచ్చగా కనిపించినదల్లా తింటాయి. గన్నేరు కొమ్మలు తిన్న పశువు బతకడం కష్టం. వీటిని మూట కట్టి, మూత ఉన్న తడిచెత్త బుట్టలో వేసి, బండి వచ్చినప్పుడు చేతికి ఇవ్వాలి.

మొక్క కన్నా ప్రమాదకరమైనది ఒక్కోసారి కుండీ మట్టిలో ఉంటుంది. పురుగు పట్టకుండా నర్సరీల్లో మట్టిలో గుళికల మందు కలపడం, ఆకుల మీద మందు కొట్టడం మామూలే. కొత్త మొక్క ఇంటికి రాగానే ఆకులు నీటితో కడిగి, పది పదిహేను రోజులు బయట వేరుగా ఉంచి, వీలైతే మట్టి మార్చి, ఆ తర్వాతే లోపలికి తీసుకురావాలి. పొలానికి వాడే గుళికలను ఇంట్లో కుండీలకు వేయడం ఎప్పటికీ చేయకూడదు. పిండినల్లి పడితే దూదిని సబ్బునీటిలో ముంచి తుడవడం, వేపనూనె చల్లడం సరిపోతాయి.

నోట పడితే, కంట పడితే

మొదట నోట్లోని ముక్కలు వేలితో, తడి గుడ్డతో తీయాలి. నోరు పుక్కిలించగల వయసైతే చల్లని నీళ్ళతో పుక్కిలించి ఉమ్మించాలి. ఆ తర్వాత చల్లని పాలు లేదా నీళ్ళు కొద్దికొద్దిగా పట్టవచ్చు. పెద్ద పిల్లలకు ఐసు ముక్క చప్పరించడానికి ఇస్తే మంట తగ్గుతుంది. తిన్న ఆకులో మిగిలిన ముక్కను కవరులో పెట్టాలి, డాక్టరుకు అది చూపిస్తే సగం పని అయినట్టే.

వాంతి చేయించకూడదు. ఉప్పునీళ్ళు, చింతపండు నీళ్ళు, గొంతులో వేలు, ఏవీ వద్దు. సూదులు గుచ్చుకున్న గొంతులోంచి మళ్ళీ పైకి కక్కిస్తే రెండోసారి గాయమవుతుంది, కక్కినది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఉప్పునీళ్ళు ఎక్కువైతే పసిపిల్లల రక్తంలో ఉప్పు పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. తిన్న మనీ ప్లాంట్ ఆకు కన్నా తాగించిన ఉప్పునీళ్ళే హెచ్చు ప్రమాదం.

ఊపిరి తీయడంలో ఇబ్బంది, గొంతు బొంగురుపోవడం, నాలుక వాపు పెరగడం, ఉమ్మి కూడా మింగలేకపోవడం, ఆగని వాంతులు, మగత, వీటిలో ఏది కనిపించినా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి. ఏ మొక్కో తెలిసి, పిల్ల హుషారుగానే ఉండి, ఏం చేయాలో తోచనప్పుడు ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 116 117 ఉంది. రాత్రీపగలూ సలహా ఇస్తారు. అమెరికాలో ఉన్న తెలుగువారికి ఇలాంటి సేవ 1800 222 1222 నంబరులో దొరుకుతుంది. ఈ నంబర్లు ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంచండి, ఆ సమయంలో వెతకడానికి చేతులు వణుకుతాయి.

రసం గానీ పాలు గానీ కంట్లో పడితే నలపకూడదు. కాంటాక్టు లెన్సు ఉంటే తీసేసి, రెప్పలు వేళ్ళతో తెరిచి పట్టుకొని, సన్నగా పారే మంచినీటి ధార కింద పదిహేను ఇరవై నిమిషాలు గడియారం చూసి మరీ కడగాలి. రెండు నిమిషాలకే మంట తగ్గినట్టు అనిపిస్తుంది, ఆపకూడదు. చనుబాలు, ఆముదం, పన్నీరు, ఇంట్లో మిగిలిన పాత చుక్కల మందు వేయకూడదు. కడిగిన తర్వాత నొప్పి ఉన్నా లేకున్నా అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి. చర్మానికి అంటితే సబ్బూ నీళ్ళూ చాలు. అంటిన బట్టలు మార్చుకోవాలి.

పిల్లి, కుక్క ఉన్న ఇళ్ళు

కంద కుటుంబపు మొక్కలు కొరికిన కుక్కా పిల్లీ చొంగ కార్చి, పంజాతో మూతి గీరుకొని, ఒకటి రెండు సార్లు వాంతి చేసుకొని సాధారణంగా కోలుకుంటాయి. అసలు లిల్లీలు, అంటే పూలగుత్తుల్లో వచ్చే పెద్ద లిల్లీలు, డే లిల్లీలు, పిల్లికి మాత్రం ప్రాణాంతకం. ఆకు, రేకు, ఒంటి మీద రాలిన పుప్పొడి నాకినా, ఆ పూలుంచిన నీళ్ళు తాగినా ఒకటి నుంచి మూడు రోజుల్లో మూత్రపిండాలు పాడవుతాయి. పిల్లి ఉన్న ఇంటికి పుట్టినరోజు కానుకగా లిల్లీల గుత్తి తీసుకువెళ్ళవద్దు. ఎవరైనా తెస్తే గుమ్మం బయటే ఉంచండి. కుక్క ఉన్న ఇంటికి సైకస్ అలాంటిది, దాని గింజలు కాలేయాన్ని దెబ్బతీస్తాయి. ఈ రెండు సందర్భాల్లోనూ జంతువు హుషారుగా ఉన్నా, గంట కూడా ఆలస్యం చేయకుండా పశువైద్యుని దగ్గరికి తీసుకువెళ్ళాలి.

పాకే పిల్ల ఉన్న రెండు మూడేళ్ళు

ఈ కాలానికి నిశ్చింతగా పెంచుకోదగిన మొక్కలు లేకపోలేదు. స్పైడర్ ప్లాంట్, ఎరికా పామ్, బోస్టన్ ఫెర్న్, కలాథియా, పెపరోమియా, హావర్తియా, ఆఫ్రికన్ వయొలెట్, వీటిని కొరికినా పిల్లలకూ కుక్కాపిల్లులకూ హాని జరగదు. ఆకు ఏదైనా గొంతుకు అడ్డం పడే ప్రమాదం మాత్రం ఉంటుంది కనుక కాపలా తప్పదు. స్నేక్ ప్లాంట్ కావాలనిపించినచోట హావర్తియా, మనీ ప్లాంట్ వేలాడేచోట స్పైడర్ ప్లాంట్ చక్కగా ఇమిడిపోతాయి.

మా ఇంట్లో ఆ సంక్రాంతి తర్వాత డిఫెన్‌బాకియాను పిల్లలు లేని ఒక స్నేహితురాలికి ఇచ్చేశాను, ఎడీనియంను మా మేడపై తాళం వేసి ఉండే చోటికి మార్చాను. మనీ ప్లాంట్ షోకేసు మీదే ఉంది, తీగ కొసలు మాత్రం షోకేసు అంచు దాటనివ్వడం లేదు. పాపకు ఇప్పుడు నాలుగేళ్ళు. మొన్న వచ్చినప్పుడు కుండీలోని పుల్లను చూపించి ఏం రాసి ఉందని అడిగింది. చదివి చెప్పాను, "ఎపిప్రెమ్నమ్" అని రెండుసార్లు పలికి, ఆకు ముట్టుకోకుండా నీళ్ళు పోసింది.